సెబాస్టియన్ హాఫ్నర్ పుస్తకాలు: ఏది ముందు కొనాలి, ఏది ఆగి కొనొచ్చు

ముందే చెప్పేస్తాను. హిట్లర్ కాలాన్ని కళ్లారా చూసిన జర్మన్ విలేకరి హాఫ్నర్. ఆయన పుస్తకాల్లో ఒక్కటే కొనగలిగితే ‘డిఫైయింగ్ హిట్లర్’ కొనండి. రెండోదానికి కూడా జేబు ఒప్పుకుంటే ‘ద మీనింగ్ ఆఫ్ హిట్లర్’. ‘జర్మనీ: జెకిల్ అండ్ హైడ్’ మాత్రం ఈ రెండూ చదివాక కూడా ఇంకా కావాలనిపించే వాళ్లకే. మూడూ నేను ఇంగ్లీషులో చదివాను. నాకు జర్మన్ రాదు.

తెలుగు దినపత్రిక డెస్కులో రిటైరయ్యేదాకా పనిచేసినవాణ్ణి. చరిత్ర పుస్తకం చేతికొస్తే పండితులు చూసే చోట నేను చూడను. ఇంట్రో ఎలా ఎత్తుకున్నాడు, ఎక్కడ సాగదీశాడు, ఎక్కడ కోసేయాల్సింది వదిలేశాడు, నా చూపు అక్కడే ఉంటుంది. ఆ లెక్కన చూస్తే చరిత్ర రాసిన విలేకరుల్లో హాఫ్నర్ అంత పొదుపుగా రాసినవాణ్ణి నేను చూడలేదు. ఆ పొదుపే కొన్నిచోట్ల ఆయన కొంప కూడా ముంచింది. ఆ సంగతి తర్వాత.

మనిషి అసలు పేరు రైముండ్ ప్రెట్సెల్. 1907 డిసెంబరు 27న బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి విద్యాశాఖలో పెద్ద అధికారి. కొడుకు లా చదివాడు. జడ్జి కావాల్సినవాడు హిట్లర్ వచ్చాక ఆ దారి వదిలేసి పత్రికలకు రాస్తూ బతికాడు. రాజకీయం రాస్తే ప్రమాదం కాబట్టి ఉల్‌స్టైన్ సంస్థ ఫ్యాషన్ పత్రికలకు తేలికపాటి వ్యాసాలు రాసేవాడు. ప్రేమించిన ఎరికా యూదు కుటుంబంలో పుట్టిన స్త్రీ. 1935 న్యూరెంబర్గ్ చట్టాల ప్రకారం ఆ సంబంధమే నేరం. ఆమె అప్పటికే ఇంగ్లండ్ చేరింది, గర్భవతి. 1938లో పత్రికకు వ్యాసాలు రాసే పని మీద వెళ్తున్నానని చెప్పి ఈయనా ఇంగ్లండ్ వెళ్లి, ఇక వెనక్కి రాలేదు.

‘డిఫైయింగ్ హిట్లర్’ రాసింది అక్కడే, 1939లో. వయసు 31. చేతిలో డబ్బు లేదు, భాష అంతంత మాత్రం, వీసా టెన్షన్ ఒకటి. వార్‌బర్గ్ అనే లండన్ ప్రచురణకర్త నమ్మి అడ్వాన్సు ఇచ్చాడు. సగం పైగా రాశాక సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ఇంటి కబుర్లు, కాలేజీ స్నేహాలు, ప్రేమలు కలిపి రాసిన ఆత్మకథ ఇప్పుడెవడికి కావాలి అనుకున్నాడు. తన కాపీని తనే పక్కన పడేసి, యుద్ధానికి పనికొచ్చే పుస్తకం రాయడానికి కూర్చున్నాడు. ఆ రెండోదే ‘జెకిల్ అండ్ హైడ్’, 1940లో వచ్చింది. మొదటిది ఆయన బతికుండగా వెలుగు చూడలేదు. 1999 జనవరి 2న ఆయన పోయాక, కొడుకు ఒలివర్ ప్రెట్సెల్‌కి మేజా సొరుగులో ఆ కాగితాలు దొరికాయి. 2000లో జర్మనీలో అచ్చయి, అమ్మకాల జాబితాల పైకెక్కి కూర్చుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో గణితం చెప్పిన ఒలివరే దాన్ని ఇంగ్లీషు చేశాడు, 2002లో వచ్చింది.

డెస్కు మనిషిగా నన్ను పట్టుకున్నది ఇదే. వార్త పాతబడిందని ఆయన సొరుగులో వేసిన కాపీయే ఆయన రాసినవాటిలో నిలబడింది. వేడివేడిగా అచ్చైన ‘జెకిల్’ ఇప్పుడు చదివితే 1940 నాటి ఎడిట్ పేజీ వాసనే కొడుతుంది. హిట్లర్‌ని నమ్మినవాళ్లు, విధేయులు, విధేయత లేనివాళ్లు అంటూ జర్మన్లను వర్గాలుగా విడదీసి, ఎవరితో ఎలా వ్యవహరించాలో బ్రిటిష్ వాళ్లకి సలహా చెబుతాడు. తెలివైన విశ్లేషణే, కాదనను. కానీ అందులో మనుషులు కనిపించరు.

‘డిఫైయింగ్ హిట్లర్’లో కనిపిస్తారు. 1923 ద్రవ్యోల్బణం తీసుకోండి. ఆ ఏడాది నవంబరుకి ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు. ఈ అంకె ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. హాఫ్నర్ అంకె దగ్గర ఆగడు, జీతం రోజు ఇంట్లోకి తీసుకెళ్తాడు. తండ్రి జీతం రాగానే ముందు అందరికీ నెల పాసులు కొనేస్తారు. స్కూలు ఫీజులకు చెక్కులు రాసేస్తారు. సాయంత్రం ఇంటిల్లిపాదీ వరసగా క్షవరానికి వెళ్తారు. మిగిలిన డబ్బు పట్టుకుని తెల్లవారుజామున టాక్సీలో హోల్‌సేల్ మార్కెట్టుకి పోయి, నెలంతా నిలవుండే సరుకు కొంటారు. పెద్ద పెద్ద చీజు దిమ్మలు, మాంసం, బంగాళాదుంపల బస్తాలు. టాక్సీలో పట్టకపోతే తోపుడు బండి. పిల్లలు బడికెళ్లే వేళకి సరుకు ఇల్లు చేరుతుంది, నెల జీతం అయిపోతుంది. మళ్లీ ఒకటో తారీకు దాకా ఇంట్లో చిల్లి గవ్వ ఉండదు.

ఒకటో తారీకు జీతం మీద బతికిన కుటుంబాల్లో పుట్టినవాళ్లం మనలో చాలామందిమి. ఆ పేజీ నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. అదే ఊళ్లో, అదే నెలల్లో, ఇరవై ఒక్కేళ్ల కుర్రాళ్లు షేర్ల మీద సంపాదించి బ్యాంకు డైరెక్టర్లయ్యారని కూడా రాస్తాడు. పొదుపు చేసిన ముసలాడు అడుక్కుతినడం, పొగరున్న కుర్రాడు షాంపేన్ పోయించడం చూస్తూ ఒక తరం పెరిగింది. తర్వాత పదేళ్లకు వాళ్లు ఏమయ్యారన్నదే ఆయన వాదన. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధాన్ని కూడా ఇలాగే పట్టుకున్నాడు. ఏడేళ్ల పిల్లాడిగా పోలీస్ స్టేషన్ గోడకు అంటించే యుద్ధ ప్రకటనల్ని రోజూ పోయి చదివేవాడట, ఎంతమంది బందీలు చిక్కారు, ఎన్ని కోటలు పడ్డాయి అని. యుద్ధాన్ని ఆటగా చూసి మురిసిన ఆ బడిపిల్లల్లోంచే నాజీలు తయారయ్యారు, కందకాల్లో నిజంగా పోరాడినవాళ్లలోంచి కాదు అంటాడు. ఇది పూర్తిగా నిజమని నేననను. హిట్లరే కందకాల్లో ఉన్నవాడు కదా. కానీ చదివాక మర్చిపోవడం కష్టం.

పుస్తకంలో నేను మళ్లీ మళ్లీ తిరగేసింది కోర్టు లైబ్రరీ పేజీలు. 1933 మార్చి 31. బెర్లిన్ హైకోర్టులాంటి కామర్‌గెరిష్ట్‌లో హాఫ్నర్ ట్రైనీ. లైబ్రరీలో ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. నిశ్శబ్దం. ఎక్కడో తలుపులు బాదిన చప్పుడు, మెట్ల మీద బూట్లు, అరుపులు. ఎవరో మెల్లగా, ఎస్‌ఏ వాళ్లొచ్చారు అంటారు. ఎస్‌ఏ అంటే గోధుమరంగు యూనిఫారం వేసుకునే నాజీ పార్టీ దళం. యూదు లాయర్లు కొందరు సంచులు సర్దుకుని లేస్తారు. వెళ్లనన్న ఒకాయన్ని కొడతారు. ఆయన యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న మాజీ సైనికాధికారి. ఆఖరికి గోధుమరంగు యూనిఫారం హాఫ్నర్ బల్ల ముందుకే వచ్చి, నువ్వు ఆర్యుడివేనా అని అడుగుతుంది. ఆలోచించేలోపే నోట్లోంచి అవునని వచ్చేస్తుంది. అబద్ధం కాదు, ఆయన ఆర్యుడే వాళ్ల లెక్కలో. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాను, ప్రశాంతంగా ఫైలు చదువుకోవడం కోసం చెప్పాను అని మొహం ఎర్రబడి కుమిలిపోతాడు.

ఈ సన్నివేశం మొత్తం నాలుగైదు పేజీలకు మించదు. నా డెస్కుకి వచ్చి ఉంటే ఒక్క మాట కూడా తీసేవాణ్ణి కాను. ఆ రాత్రే ఆయన తన యూదు స్నేహితురాలితో కలిసి ‘కటకోంబె’ అనే కాబరేకి వెళ్లి, వెర్నర్ ఫింక్ అనే హాస్యగాడు వేదిక మీద నిలబడి సగం సగం మాటలతో నాజీల్ని వెక్కిరించడం చూస్తాడు. మర్నాడు ఏప్రిల్ 1, యూదు దుకాణాల బహిష్కరణ.

మా అన్నయ్య కొడుకు బెర్లిన్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఆ కోర్టు ఇప్పటికీ ఉందేమో చూడరా అన్నాను. ఒక ఆదివారం వెళ్లి ఫోన్ చేశాడు.

“బాబాయ్, పెద్ద బిల్డింగ్. ముందంతా పార్కే. ఇప్పుడూ కోర్టేనట.”

“అదే రా. 1944లో హిట్లర్ మీద కుట్ర చేసినవాళ్లని విచారించింది కూడా అక్కడే. యుద్ధం అయ్యాక జర్మనీని గెలిచిన నాలుగు దేశాల వాళ్లు కూర్చుందీ అక్కడే.”

“అవన్నీ నీకెందుకు బాబాయ్ ఇప్పుడు?”

రిటైరైనవాడికి ఇంకేం పని అన్నాను. పార్కు పేరు క్లైస్ట్ పార్క్. బెర్లిన్‌లో ఉన్న మన పిల్లలెవరైనా పుస్తకం చదివాక వెళ్లి చూడొచ్చు.

చివరి అధ్యాయాలు యూటర్‌బోగ్ శిబిరం గురించి. లా పరీక్ష రాయాలంటే అభ్యర్థులంతా ముందు ఆ శిబిరంలో ఉండి రావాలని 1933లో రూలు పెట్టారు. చదివేది చట్టం కాదు. కవాతు, పాటలు, తుపాకీ. అంతకుముందు బెర్లిన్ వీధుల్లో ఎస్‌ఏ ఊరేగింపు ఎదురైతే జెండాకి సెల్యూట్ చేయడం ఇష్టంలేక ఏదో ఒక ఇంటి గుమ్మంలోకి తప్పుకునేవాడు హాఫ్నర్. చేయనివాళ్లను కొట్టేవారు మరి. ఇప్పుడు తన చేతికే స్వస్తిక పట్టీ కట్టుకుని ఊళ్లో కవాతు చేస్తుంటే, తమని చూసి జనం గుమ్మాల్లోకి తప్పుకుంటున్నారు. రేడియోలో హిట్లర్ ఉపన్యాసం, గీతం మొదలవగానే హాల్లో అందరి చేతులూ లేచాయి, ఈయనదీ లేచింది. ఒకరికొకరు కాపలా. అంతకన్నా భయపెట్టే సంగతి, శిబిరం ఆయనకి బాగానే అనిపించడం. కలిసి తినడం, కలిసి నవ్వడం, సొంతంగా ఏదీ తేల్చుకోనక్కర్లేకపోవడం. స్నేహబృందంలోని ఆ హాయినే ఆయన విషం అన్నాడు. హాస్టల్లో ఉన్నవాళ్లకి, ఏ సంఘంలోనైనా తిరిగినవాళ్లకి ఈ పేజీలు కాస్త గుచ్చుకుంటాయి.

పుస్తకం అక్కడితో ఆగిపోతుంది, ముగియదు. కొనేవాళ్లు ఇది తెలుసుకుని కొనాలి. దేశం వదలడం, లండన్ చేరడం ఇందులో లేవు. అట్ట మీద పేరు చూసి ఏ రహస్య పోరాటమో, బాంబులో ఉంటాయని ఆశపడేవాళ్లకి నిరాశే. ఒలివర్ రాసిన ముందుమాట, చివరిమాట మాత్రం వదలకండి, మిగతా జీవితం అక్కడుంది. ఇంత చురుకైన కాపీ 1939 నాటిదేనా, యుద్ధం అయ్యాక దిద్ది రాసి ఉంటాడని జర్మనీలో కొందరు అనుమానం లేవదీశారు. ఫెడరల్ క్రిమినల్ పోలీసులు కాగితాలు పరీక్షించి పాతవేనని తేల్చారు.

లండన్ కెరీర్‌ని ఆయన పుస్తకంగా రాయలేదు, అది పాఠకులకు నష్టం. 1940లో ‘జెకిల్’ అచ్చవుతున్న రోజుల్లో ఆయన శత్రుదేశస్థుడిగా ఐల్ ఆఫ్ మాన్ దీవిలో నిర్బంధంలో ఉన్నాడు. హిట్లర్‌కి వ్యతిరేకంగా రాసినవాణ్ణి హిట్లర్ శత్రువులే కంచె లోపల పెట్టడం. ఆగస్టులో వదిలారు. జర్మనీలో మిగిలిన కుటుంబానికి ముప్పు రాకూడదని పేరు మార్చుకున్నాడు. సెబాస్టియన్ సంగీతకారుడు బాఖ్ పేరులోంచి, హాఫ్నర్ మొజార్ట్ సింఫనీ పేరులోంచి. 1941లో లండన్ జర్మన్ పత్రిక ‘డీ జైటుంగ్’, మరుసటేడు నుంచి లండన్ వారపత్రిక ‘అబ్జర్వర్’. దాన్ని నడిపిన డేవిడ్ ఆస్టర్ ఆ పత్రికను ప్రవాసులతో నింపాడు. ఐజాక్ డాయిషర్, ఆర్థర్ కోస్ట్లర్ అక్కడ రాశారు, ఆర్వెల్ కూడా రాశాడు. పరాయి భాషలో, పరాయి దేశం పత్రికలో, ఆ దేశ విదేశాంగ విధానం మీద వారం వారం వ్యాసం. ఇంగ్లీషు కాపీని తెలుగు చేయడానికే కిందామీదా పడ్డవాణ్ణి, నాకు తెలుసు ఆ కష్టం. 1948లో బ్రిటిష్ పౌరుడయ్యాడు.

1954లో ‘అబ్జర్వర్’ తరఫునే బెర్లిన్ తిరిగెళ్లాడు. 1961లో బెర్లిన్ సంక్షోభం మీద పత్రికతో పొసగక బయటికొచ్చాడు. ఆ తర్వాత కథ నాకు మరీ ఇష్టం. కమ్యూనిస్టుల మీద నిప్పులు చెరిగే రైటిస్టని పేరున్నవాడు 1962లో ‘ష్పీగెల్’ పత్రిక మీద పోలీసులు పడి ఎడిటర్లను అరెస్టు చేస్తే పత్రికా స్వేచ్ఛ పక్కన నిలబడ్డాడు. ‘డీ వెల్ట్’ వదిలి ‘ష్టెర్న్’కి మారాడు. 1967 జూన్ 2న ఇరాన్ షా పర్యటనప్పుడు పశ్చిమ బెర్లిన్‌లో బెన్నో ఓనెజోర్గ్ అనే విద్యార్థిని పోలీసు కాల్చి చంపితే, విద్యార్థుల మీద దాడి ముందే పన్నింది అని రాశాడు. రేపు ఎటు తిరుగుతాడో తెలియని కాలమిస్టు. ఇలాంటివాళ్లతో ఎడిటర్లకి తలనొప్పే, పాఠకుడికి మాత్రం పండగ.

ఇక ‘ద మీనింగ్ ఆఫ్ హిట్లర్’. జర్మన్‌లో 1978లో వచ్చింది, అప్పటికి ఆయనకి 70. హిట్లర్ మీద వెయ్యి పేజీల గ్రంథాలు కుప్పలుగా ఉంటే ఈయన రెండొందల పేజీల లోపు ముగించాడు. ఏడు అధ్యాయాలు: జీవితం, సాధించినవి, విజయాలు, అపోహలు, పొరపాట్లు, నేరాలు, ద్రోహం. ఆ వరసలోనే సగం వాదన ఉంది. ముందు హిట్లర్ ఖాతాలో జమలన్నీ రాస్తాడు. 1933 జనవరిలో 60 లక్షల నిరుద్యోగులు, మూడేళ్లకి దాదాపు అందరికీ పని. ఇది దాచిపెడితే అంతమంది జనం ఎందుకు వెంట నడిచారో అర్థం కాదంటాడు. తర్వాత ఖర్చు పేజీ తిప్పుతాడు. వారసుణ్ణి తయారుచేయలేదు, రాజ్యాంగం లేదు, దేశం టైంటేబుల్‌ని తన ఆయుష్షుకి ముడేశాడు. 1941 డిసెంబరు 11న, అడిగినవాడు లేకుండా, అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. ఆఖరుకి 1945 మార్చి 19న జర్మనీ వంతెనలు, ఫ్యాక్టరీలు అన్నీ ధ్వంసం చేయమని ఆదేశమిచ్చాడు. జర్మన్లకి అంత ద్రోహం చేసినవాడు మరొకడు లేడని తేలుస్తాడు.

పొదుపు కొంప ముంచిందన్నది ఇక్కడే. ఫుట్‌నోట్లు ఉండవు. 1941 డిసెంబరులో మాస్కో ముందు ఓడాక హిట్లర్‌కి యుద్ధం గెలవలేమని అర్థమైందని, అక్కణ్నుంచి యూదుల నిర్మూలనే అసలు లక్ష్యంగా పెట్టుకున్నాడని హాఫ్నర్ ఎంతో ధీమాగా రాస్తాడు. 1941 వేసవి నుంచే సోవియట్ భూభాగంలో యూదుల్ని గుంటల దగ్గర నిలబెట్టి కాల్చడం సాగుతోంది. ఏ నిర్ణయం ఎప్పుడు జరిగిందన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం. కాలమిస్టుకి ‘బహుశా’ అన్న మాట అంటే చిరాకు. ఎడిట్ పేజీలో అది చెల్లుతుంది, చరిత్రలో చెల్లదు. ఈ పుస్తకం ఒక్కటే చదివి హిట్లర్ మొత్తం తెలిసిపోయిందనుకోవద్దు. కానీ వెయ్యి పేజీలు మొదలుపెట్టే ముందు దీన్ని చదివితే ఏం వెతకాలో తెలుస్తుంది.

వస్తువు సంగతి. ‘డిఫైయింగ్ హిట్లర్’ పేపర్‌బ్యాక్‌లో అధ్యాయాలు చిన్నవి, రాత్రి పడుకునే ముందు రెండేసి చదువుకోవచ్చు. ఒలివర్ ఇంగ్లీషు సాఫీగా ఉంటుంది, డిక్షనరీతో పని తక్కువ. వైమార్ రిపబ్లిక్ (హిట్లర్‌కి ముందు జర్మనీలో ఉన్న ప్రజాస్వామ్యం) నాయకుల పేర్లు, రాటెనావ్, స్ట్రెసెమాన్ లాంటివి, ముందు కాస్త చూసుకుంటే మేలు. హాఫ్నర్ తన కాలం వాళ్లకి తెలిసిందే అన్నట్టు రాస్తాడు. నాకు మొదట ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పంపింది దొంగ ప్రింటు. అక్షరాలు వెలిసిపోయి, అంచున మాటలు తెగిపోయి ఉన్నాయి. తిప్పి పంపేసి ఇంకోచోట తెప్పించుకున్నాను. మరీ తక్కువ ధర కనిపిస్తే లోపలి పేజీ ఫొటో అడగండి. చూపు ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ-బుక్ తీసుకోండి, అక్షరం పెంచుకోవచ్చు.

‘డిఫైయింగ్’కి ఐదుకి నాలుగున్నర, ఆ తగ్గించిన అర అది సగంలో ఆగినందుకు. ‘మీనింగ్’కి నాలుగు. ‘జెకిల్’కి రెండున్నర, లైబ్రరీలో దొరికితే సరిపోతుంది. డిగ్రీలో చరిత్రో జర్నలిజమో చదివే పిల్లలుంటే మొదటిది కొనివ్వండి, లైబ్రరీ అధ్యాయంతో మొదలుపెట్టమనండి. ఇంటర్ పిల్లలకి అప్పుడే వద్దు, పేర్ల దగ్గరే విసిగిపోతారు.